రెండు టెలిస్కోపులు, రెండు కెమెరాలు, ఒకే ఫొటో: సిరిల్ ఎంతవరకు పనికొస్తుంది?

వేర్వేరు టెలిస్కోపులతో తీసిన ఫొటోలను కలపాలంటే డబ్బు పోసి సాఫ్ట్‌వేర్ కొనాల్సిందేనా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ముందు సిరిల్ అనే ఆకాశ ఫొటోల సాఫ్ట్‌వేర్ వాడి చూడండి. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫొటోలను ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టే పనిలో దీనికి వంక పెట్టలేం. కానీ ఎవరి ఫొటోకి ఎంత వెయిట్, అంటే తుది ఫొటోలో ఎంత వాటా, ఇవ్వాలన్న దగ్గర మాత్రం దానికే వదిలేయకండి.

నా దగ్గర 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్ రిఫ్రాక్టర్ (లెన్సులతో పనిచేసే టెలిస్కోప్), మార్పులేవీ చేయించని కెనాన్ 600డి ఉన్నాయి. టెక్సస్‌లో ఉండే మా బావ దగ్గర 250 మి.మీ. చిన్న టెలిస్కోప్, ఏఎస్ఐ533 కలర్ కెమెరా. నేను వికారాబాద్ వైపు వెళ్లి, ఆయన అక్కడి నుంచి, ఇద్దరం రోజెట్ నెబ్యులా అనే వాయుమేఘాన్నే తీశాం. మైక్రాన్లలో పిక్సెల్ సైజును 206తో గుణించి, మి.మీ.లలో ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎంత మేర చూస్తుందో తెలుస్తుంది. నాది 1.85 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), బావది 3.1. ఫ్రేము ఆకారం వేరు, తిరిగి ఉన్న కోణం కూడా వేరు.

సిరిల్‌కి ఇదేం సమస్య కాదు, నక్షత్రాల మధ్య ఏర్పడే త్రిభుజాలను పోల్చుకుని సైజు, కోణం రెండూ తనే సరిచేసుకుంటుంది. మీరు చూసుకోవాల్సింది రిఫరెన్స్ ఫొటో, అంటే మిగతావి దేనికి సరిపోయేలా సర్దుకుంటాయో ఆ ఫొటో. ఎక్కువ వివరం ఉన్నదాన్నే రిఫరెన్స్‌గా పెట్టండి, లేకపోతే ఆ వివరమంతా రెండో ఫొటో స్థాయికి కుంచించుకుపోతుంది. ఫ్రేమింగ్‌లో మినిమమ్ ఎంచుకుంటే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భాగమే మిగులుతుంది, అంచుల గొడవ ఉండదు.

కెమెరా నుంచి వచ్చిన అన్ని రా ఫైళ్లనూ ఒకే కుప్పగా పోసి స్టాక్ చేయకండి, అంటే కలిపి ఒకే ఫొటోగా చేయకండి! ఏ కెమెరావి దాని డార్క్స్ (మూత పెట్టి తీసినవి), ఫ్లాట్స్‌తోనే (సమానంగా వెలుగున్న తెరను తీసినవి) విడిగా స్టాక్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ గ్రేడియంట్, అంటే ఆకాశం ఒకవైపు ఎక్కువ వెలుగుగా ఉండటం, తీసేసి, అప్పుడు ఒక్కోదానికీ స్పెక్ట్రోఫొటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్ చేయాలి. 1.4 వెర్షన్‌లో వచ్చిన ఈ సదుపాయం నాకు బాగా నచ్చింది. సెన్సర్, ఫిల్టర్ ఏవో చెబితే గయా అంతరిక్ష టెలిస్కోప్ కొలిచిన నక్షత్రాల స్పెక్ట్రమ్‌లతో పోల్చి రంగు సరిచేస్తుంది, దాంతో రెండు కెమెరాల రంగులూ చాలా దగ్గరికొస్తాయి. అయితే కెనాన్ లోపలి ఫిల్టర్ 656 నానోమీటర్ల హైడ్రోజన్ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది, అసలు సెన్సర్‌దాకా రాని వెలుగును ఏ కాలిబ్రేషనూ తెచ్చిపెట్టలేదు. అందుకే ఛానెళ్లు విడగొట్టి, ఎరుపులో బావ ఫొటోకే పెద్ద వాటా ఇచ్చాం.

ఇక వెయిట్ సంగతి. నాయిస్‌ని (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలను) బట్టి వెయిట్ ఇచ్చే ఆప్షన్ ఉంది, ఒకే కెమెరా ఫ్రేములకైతే హాయిగా పనిచేస్తుంది. కానీ బావ ఫొటోను నా సైజుకి పెంచినప్పుడు పక్కపక్క పిక్సెళ్లు కలిసిపోయి నునుపెక్కుతాయి, దాంతో నాయిస్ నిజంగా ఉన్నదానికంటే తక్కువ ఉన్నట్టు లెక్క తేలి, ఆ ఫొటోకి అర్హతకు మించిన వెయిట్ పడుతుంది. పెంచకముందు నాయిస్ కొలిచి, సిరిల్‌లో ఫొటోలను సూత్రం రాసి కలిపే పిక్సెల్ మ్యాథ్‌లో ఎవరి వాటా ఎంతో మనమే రాసుకోవడం మేలు. ఆకుపచ్చలో 0.7, 0.3 లాంటి వాటాలతో మొదలుపెట్టి, ఫలితం చూస్తూ మార్చుకోండి.

చిన్న టెలిస్కోప్‌లో నక్షత్రాలు లావుగా వస్తాయి, నేరుగా కలిపితే ప్రతి నక్షత్రం చుట్టూ మసక వలయం కనిపిస్తుంది. సిరిల్ నుంచే స్టార్‌నెట్ అనే నక్షత్రాలు తీసేసే ప్రోగ్రామ్ నడిపి రెండింటిలోనూ నక్షత్రాలు తీసేసి, నెబ్యులాను మాత్రం కలిపి, చివర్లో పదునైన ఫొటోలోని నక్షత్రాలనే తిరిగి వేయండి. తేడా మీకే కనిపిస్తుంది.

హార్డ్ డిస్క్ ఖాళీ ముందే చూసుకోండి. 600డి ఫ్రేము ఒక్కటి 32 బిట్ కలర్ ఫైల్‌గా మారితే దాదాపు 215 ఎంబీ, వంద ఫ్రేములంటే 21 జీబీ పైనే, పైగా కాలిబ్రేషన్ తర్వాత ఒక సెట్టు, రిజిస్ట్రేషన్ (ఫొటోలను ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టడం) తర్వాత ఇంకో సెట్టు తయారవుతాయి. కొత్తవాళ్లకు వర్కింగ్ డైరెక్టరీ (పని జరిగే ఫోల్డర్), సీక్వెన్స్ (వరుస ఫ్రేముల గుంపు) అనే పద్ధతి మొదట్లో కాస్త టెన్షన్ పెడుతుంది, స్క్రిప్టులతో మొదలుపెడితే తేలిక. సైజు మార్చకముందు కొలిచిన నాయిస్‌తోనే వెయిట్ వేసే ఏర్పాటు తర్వాతి వెర్షన్‌లో వస్తే బాగుండు, అప్పటిదాకా ఆ ఒక్క లెక్క చేత్తో వేసుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు.