భోజనానికి ముందు వేసే షుగర్ మాత్ర ఫోన్ ప్యాకేజీలో తీసుకుంటున్నారా? జాగ్రత్త

బెంగళూరులో మూణ్ణెల్లకీ ఆర్నెల్లకీ షుగర్ ప్యాకేజీలు అమ్ముతున్నారు, చూసే ఉంటారు. ఫోన్‌లో డాక్టరు, ఇంటికే మందులు, టైముకి అలారం, అన్నిటికీ కలిపి ఒకటే ధర. మా నాన్నగారి కోసం అలాంటిది ఒకటి తీసుకున్నాం. కంపెనీతో గొడవ ఇంకా తెగలేదు కాబట్టి పేరు రాయను. కానీ మీరు ఎవరి దగ్గర కొన్నా ఈ సంగతులు తెలిసి కొనండి.

నాన్నగారికి డెబ్బై దాటాయి. గుండెకి స్టెంట్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా రోజూ క్లోపిడోగ్రెల్ 75 వేసుకుంటారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉండేది. తిన్న తరవాత షుగర్ బాగా పెరుగుతోందని ప్యాకేజీ డాక్టరు కొత్త బిళ్ల రాశారు. రీపాగ్లినైడ్ 1 మి.గ్రా., వోగ్లిబోస్ 0.3 మి.గ్రా. రెండూ ఒకే బిళ్లలో, మూడు పూటలా. మాటలన్నీ హిందీ, ఇంగ్లీషు. మారతహళ్ళిలో కూరగాయల బండి దగ్గర కూడా తెలుగు నడుస్తుంది గానీ వీళ్ళ దగ్గర తెలుగు వచ్చిన డాక్టరు ఒక్కరూ లేరట. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడగలేదు. స్టెంట్ కాగితాలు మేం యాప్‌లో పెట్టే ఉన్నాయి, తెరిచి చూసినట్టు లేదు. చీటీ మీద '1-1-1, భోజనానికి ముందు', అంతే.

శనివారం నాన్నగారికి ఒక్కపొద్దు. రాత్రికి గ్లాసుడు మజ్జిగతో సరి. ఎనిమిదింటికి ఫోన్ మోగింది, 'మీ రాత్రి మాత్ర టైమయింది' అని. ఆయన మాత్ర వేసుకుని, 'వేసుకున్నాను' అనే బటన్ కూడా నొక్కారు. తొమ్మిది దాటాక చూస్తే బనీను తడిసి వీపుకి అతుక్కుపోయింది. టీవీ రిమోట్ నొక్కబోతే వేలు పక్కకి జారుతోంది. "ఏమయిందండీ?" అని అమ్మ అడిగితే, ఎన్నడూ లేనిది కసురుకున్నారు. మీటర్‌లో 52. అమ్మ గబగబా చక్కెర నీళ్ళు కలిపి తాగించింది, ఏ ఇంట్లోనైనా అదే చేస్తారు. పావుగంట ఆగి చూస్తే 55. అప్పుడు మొదలైంది మాకు అసలు టెన్షన్. కింది ఫ్లాట్‌లో ఉండే మలయాళీ అమ్మాయి నర్సు. పిలిస్తే వచ్చి, ముందు బిళ్లల అట్ట తిప్పి చదివి, "చక్కెర ఆపండి, గ్లూకోజ్ పొడి ఉందా?" అంది. మూడు టీ స్పూన్లు నీళ్ళలో కలిపి తాగించాం. ఇంకో పావుగంటకి 88. తరవాత పెరుగన్నం తినిపించాం. ఆ వారానికి స్వామే సర్దుకున్నాడు.

మర్నాడు మా పేటలో ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే ఆయన కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పారు. రీపాగ్లినైడ్ క్లోమగ్రంథి చేత వెంటనే ఇన్సులిన్ వదిలిస్తుంది, తిండి వస్తోందన్న లెక్క మీద. తిండి రాకపోతే ఆ ఇన్సులిన్ ఒంట్లో ఉన్న షుగర్‌నే లాగేస్తుంది. అందుకని ఈ మాత్రని గడియారానికి కాదు, కంచానికి ముడిపెట్టాలి. తినే పావుగంట ముందు, మహా అయితే అరగంట ముందు. పూట మానేస్తే ఆ పూట మాత్ర కూడా మానేయాలి. నిజానికి వేళాపాళా లేకుండా తినేవాళ్ళకి ఇది పనికొచ్చే మందే, పని చేసి త్వరగా ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క నియమం చెప్పకుండా, అలారం పెట్టి మరీ అమ్మడమే దారుణం.

వోగ్లిబోస్ సంగతి వేరు. పేగులో చక్కెరని విడగొట్టే ఎంజైముల్ని అది అడ్డుకుంటుంది. చక్కెర విడిపోతేనే గ్లూకోజ్ రక్తంలోకి వెళ్ళేది. మా అమ్మ ఇచ్చిన చక్కెర నీళ్ళు అందుకే ఆలస్యం చేశాయి. ఇదే రకం మందు అకార్బోస్ వాడేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ఈ మందులు ఒక్కటే వాడితే షుగర్ పడిపోవడం అరుదు. ఇన్సులిన్‌తోనో, ఇన్సులిన్‌ని పెంచే బిళ్లలతోనో కలిపి వాడేవాళ్ళు ఇంట్లో గ్లూకోజ్ పొడి ఉంచుకోవాల్సిందే. మీటర్ 70 కంటే తక్కువ చూపిస్తే 15 గ్రాముల గ్లూకోజ్, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి చేయండి.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది క్లోపిడోగ్రెల్ విషయంలో. రీపాగ్లినైడ్‌ని కాలేయంలో విరిచే ఎంజైముని క్లోపిడోగ్రెల్ అడ్డుకుంటుంది, దాంతో 1 మి.గ్రా. వేసుకున్నా ఒంట్లో అంతకంటే చాలా ఎక్కువ వేసుకున్నట్టు అవుతుంది. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ లేబుల్ ఈ రెండూ కలపవద్దంటుంది. తప్పనిసరైతే పూటకి 0.5తో మొదలుపెట్టి, రోజు మొత్తానికి 4 మి.గ్రా. దాటకూడదట. కొవ్వు తగ్గడానికి ఇచ్చే జెమ్‌ఫైబ్రోజిల్‌తో అయితే అసలు వాడకూడదు. తామరకి రాసే ఇట్రాకొనజోల్, దగ్గు జ్వరాలకి రాసే క్లారిత్రోమైసిన్ కూడా దీని మోతాదుని పెంచుతాయి. స్టెంట్ ఉన్నవాళ్ళలో క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు ఎంతమంది! అడగాల్సిన మొదటి ప్రశ్న అదే కదా.

కంపెనీ వాళ్ళకి ఫోన్ చేస్తే, 'చీటీ ప్రకారమే పంపాం' అన్నారు. ఆ చీటీ రాసింది వాళ్ళ డాక్టరే.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి మాత్ర వాడుతుంటే, ఇది చదివి హడావుడిగా ఆపేయకండి, మీ డాక్టరుని అడగండి. అట్ట వెనక్కి తిప్పి బిళ్లలో ఎన్ని మందులున్నాయో చదవండి. ఫోన్‌లో చూసే డాక్టరుకి మీ మందులన్నీ మీరే ఒక్కొక్కటీ చదివి వినిపించండి, కిడ్నీ, కాలేయం రిపోర్టులు ఉంటే అవి కూడా. పూట తినకపోతే ఏం చేయాలో చీటీ మీద రాయించుకోండి. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, లేకపోతే ఆ చీటీ మీద మందు కొనకండి. ఫీజులకి వెనకాడేవాళ్ళకి జయనగర్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఎండోక్రైనాలజీ సంస్థ ఉంది. కాస్త వరసలో నిలబడాలి గానీ మనిషిని ఎదురుగా చూస్తారు.

డబ్బు సంగతి. ప్యాకేజీ అయిపోగానే తనంతట తానే రెన్యూ అవుతుంది, యూపీఐ ఆటోపే అడుగున ఎక్కడో ఉంటుంది. యాప్ తీసేస్తే ఆగదు, పేమెంట్ యాప్‌లోకి వెళ్ళి ఆటోపే రద్దు చేయాలి. తిరిగి ఇవ్వమంటే వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. మా ఫిర్యాదు అక్కడ నమోదైంది.