లద్దాఖ్ స్కూల్ ఎక్స్‌పెడిషన్: ఐదుకి నాలుగు ఇస్తాను, ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను

ఇంగ్లాండులో హైస్కూలు పిల్లలున్న మన తెలుగువాళ్లలో చాలామందికి స్కూలు నుంచి ఎక్స్‌పెడిషన్ అంటూ ఒక కాగితం వచ్చే ఉంటుంది. వేసవి సెలవుల్లో పిల్లలు జట్టుగా వేరే దేశం వెళ్తారు, కొండలెక్కుతారు, ఊళ్లలో జనం ఇళ్లల్లో ఉంటారు, ఒక ప్రాజెక్టు చేస్తారు, ఖర్చు మాత్రం వేల పౌండ్లు. మా అమ్మాయి స్కూలువాళ్లు ఎంచుకున్నది లద్దాఖ్. సెలవులకి తెనాలి వెళ్లే పిల్లకి ఇండియా చూపించడానికి ఈ ట్రిప్పులు నడిపే ఇక్కడి కంపెనీకి డబ్బు కట్టడమేంటని మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది, వాళ్ల అమ్మమ్మ అయితే ఫోన్లో "అంత చలిలోకి పిల్లని పంపుతారా, మీకేమైనా మతి ఉందా" అని గట్టిగానే వేసుకుంది. అయినా పంపాం. అక్కడ తన తెలుగు ఎందుకూ పనికిరాలేదు, వచ్చీరాని హిందీ కాస్త అక్కరకొచ్చింది, మిగతా అన్నింట్లో తన ఇంగ్లీషు స్నేహితులకి ఎంత కొత్తో తనకీ అంతే కొత్త.

ఈ ట్రిప్పుల్లో అసలు విలువ ఎక్కడుందంటే, డబ్బు సంచి పిల్లల చేతికిస్తారు. కంపెనీ తరఫున ఒక లీడరు, స్కూలు నుంచి ఒక టీచరు ఉంటారు గానీ ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి, బండి ఎవరితో మాట్లాడుకోవాలి అన్నది పిల్లలే చూసుకోవాలి, ఆ బాధ్యతలు రోజుకొకరికి మారుతుంటాయి. లద్దాఖ్‌లోని పెద్ద ఊరు లేహ్ నుంచి చిలింగ్ అనే ఊరి దాకా జీపులు కావాల్సిన రోజు క్యాషియరు మా అమ్మాయే. ఒక డ్రైవరుతో గంటసేపు బేరమాడి, ఆయన పైసా తగ్గకపోతే ఇంకొకరి దగ్గరికెళ్లి, చివరికి మూడో ఆయన చూపిస్తే తెలిసింది, అక్కడ టాక్సీ యూనియన్ పెట్టిన రేట్లు అచ్చేసి ఉంటాయని, ఎవరినడిగినా అదే ధర అని. ఇదంతా జరుగుతుంటే లీడరు పక్కన కూర్చుని టీ తాగుతూ చూస్తున్నారట, ఒక్క మాట సాయం చెయ్యలేదు. నాకు చాలా నచ్చిన విషయం ఇదే. మన ఇళ్లల్లో పదహారేళ్ల పిల్లకి ఇంత పని ఎవరం అప్పజెప్తాం చెప్పండి?

ఆరోగ్యం విషయంలో మాత్రం లీడరు మాటే ఆఖరు, అది అలాగే ఉండాలి కూడా. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఢిల్లీలో విమానం ఎక్కి నేరుగా అక్కడ దిగితే ఒంటికి అలవాటుపడే టైమే ఉండదు. మొదటి రోజులన్నీ లేహ్‌లోనే ఉంచి, శాంతి స్తూపం దాకా నెమ్మదిగా నడిపించి, ఒకబ్బాయికి తలనొప్పి తగ్గకపోతే జట్టు మొత్తాన్నీ ఇంకో రోజు ఆపేశారు. పిల్లలు నడిచిన మార్ఖా లోయ దారిలో చివర కాంగ్‌మారు లా అనే కనుమ 5,000 మీటర్లు దాటుతుంది, అక్కడికెళ్లేవాళ్లకి తొందర పనికిరాదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క. మీకిచ్చిన షెడ్యూలు పక్కన పెట్టుకుని ఈ లెక్క ఒకసారి వేసి చూడండి, ఎక్కడైనా తేడా వస్తే మొహమాటపడకుండా అడగండి.

ఇక హోమ్‌స్టేలు. మార్ఖా లోయ ఊళ్లలో వచ్చినవాళ్లని ఇళ్లకి వంతులవారీగా పంపిస్తారు, డబ్బు నేరుగా ఆ ఇంటావిడ చేతికే వెళ్తుంది. పిల్లలు వంటింట్లోనే కూర్చుని స్క్యూ అనే అక్కడి వంటకం చెయ్యడం నేర్చుకున్నారు. గోధుమపిండి ముద్ద నుంచి చిన్న ముక్క గిల్లి, అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంది, అలాంటివి కుప్పగా చేసి ముల్లంగి, బంగాళాదుంపల పులుసులో ఉడికిస్తారు. మా పిల్ల గుంటలు మందంగా వస్తే ఆ ఇంటావిడ ఏమీ అనకుండా తీసుకుని మళ్లీ నొక్కి గిన్నెలో వేసిందట. ఉప్పు వేసిన వెన్న టీ మాత్రం ఎవరికీ ఒక పట్టాన దిగలేదు. అక్కడి మరుగుదొడ్లలో నీళ్లుండవు, పని అయ్యాక పారతో మట్టి వెయ్యాలి, కొన్నాళ్లకి అదే పొలానికి ఎరువు. మొదట ముక్కు మూసుకున్న పిల్లలే, వాన సరిగా పడని ఆ చోట మంచు కరిగి వచ్చే నీళ్లతోనే బార్లీ పండిస్తారని చూశాక, పళ్లు తోముకునేటప్పుడు కూడా నీళ్లు లెక్క చూసుకోవడం మొదలెట్టారు. ఇప్పుడు ఇంట్లో కుళాయి వదిలేస్తే మా అమ్మాయి మాకే క్లాసు పీకుతోంది.

నాకు అస్సలు నచ్చనిది ప్రాజెక్టు. ఒక బడిలో గోడలకి రంగులు వెయ్యమన్నారు. పెచ్చులూడిన చోట పసుపు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ కనిపించిందట, అంటే వచ్చిన ప్రతి జట్టూ అదే గోడకి వేసి వెళ్తోందన్నమాట. ఊళ్లో రంగులేసే మనిషికి కూలి దొరకాల్సిన పని అది. ఆ రోజులు బడిపిల్లలతో ఆడుకుంటూనో, పొలంలో ఆ ఇంటివాళ్లకి సాయం చేస్తూనో గడిపి ఉంటే ఎంతో బాగుండేది. ప్రాజెక్టు అడిగింది ఎవరు, మన పిల్లలు వెళ్లిపోయాక దాన్ని చూసుకునేదెవరు అన్నది డబ్బు కట్టేముందే తేల్చుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి ఫోన్లు. ఇండియాలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను దగ్గరుంచుకుంటే అరెస్టు చేస్తారు, వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు. కాబట్టి లోయలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కబురు ఎలా అందుతుంది, కిందికి ఎలా దింపుతారు అని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మాకు ఇచ్చారు, అందుకే కబురు లేని రోజుల్లో టెన్షన్ పడ్డా నిద్రైతే పట్టింది. విదేశీ ఎక్స్‌పెడిషన్లకి బ్రిటన్‌లో బీఎస్ 8848 అనే ప్రమాణం 2007 నుంచి ఉంది (ఎవరెస్టు ఎత్తు చూసి పెట్టిన అంకె అది), మీ కంపెనీ దాన్ని పాటిస్తోందో లేదో కూడా కనుక్కోండి.

డబ్బు మొత్తం మీరే కట్టెయ్యకండి, ఇది నా గట్టి మాట. మా అమ్మాయి శనివారాలు బేకరీలో పనిచేసింది, ఉగాది సంబరాల్లో స్నేహితులతో కలిసి పునుగులు వేసి అమ్మింది, సగానికి పైగా తనే కూడబెట్టింది. అందుకే లేహ్‌లో ఒక్కో రూపాయీ ఆలోచించి ఖర్చుపెట్టింది.

మా బాబు కూడా ఇంకో రెండేళ్లకి ఆ వయసుకొస్తాడు. వాణ్నీ పంపిస్తాం, ప్రాజెక్టు పేరుతో మళ్లీ గోడలూ రంగులూ అంటే మాత్రం స్కూల్లో కూర్చుని మాట్లాడాకే సంతకం పెడతాను.