‘గోల్డెన్ కీవర్డ్స్’ కొనబోతున్నారా? ముందు 217వ వరుస చూడండి

అఫిలియేట్ మార్కెటింగ్ (వేరే దుకాణం సరుకుకు లింకు పెట్టి కమీషన్ సంపాదించడం) నేర్పుతామని, ఐదు వందల ‘గోల్డెన్ కీవర్డ్స్’, అంటే జనం గూగుల్‌లో వెతికే మాటలు, చేతిలో పెడతామని, రెండు నెలలు గూగుల్ ప్రకటనలు కూడా తామే నడుపుతామని విజయవాడలో ఎవరైనా మిమ్మల్ని పిలిస్తే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను ఫీజు 28,000 రూపాయలు, ప్రకటనల ఖర్చుకు మరో 40,000 కట్టాను. తిరిగి చేతికి వచ్చింది సున్నా. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. బెంజిసర్కిల్ దగ్గర, ఫ్లైఓవర్ పక్క మేడలో రెండో అంతస్తు. గుర్తుపట్టే దారి ఇంకొకటి ఉంది, చివర్లో చెబుతాను.

నేను గవర్నరుపేటలో ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. ఆవర్జాలో రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని పట్టుకునేవాణ్ణి. నా సొంత డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఒక్క బిల్లు అడగలేదు. ఈ మాట మా ఇంట్లో రోజూ వినిపిస్తోంది, మీరు మళ్లీ అనక్కరలేదు.

రెండేళ్ల కిందట ఎయిర్ కూలర్ల మీద తెలుగులో చిన్న సైటు మొదలుపెట్టాను. గడ్డి ప్యాడ్ మేలా, తేనెపట్టు ప్యాడ్ మేలా, ఇన్వర్టర్ మీద నడుస్తుందా, ట్యాంకు ఎన్ని గంటలకు ఖాళీ అవుతుంది, ఇలాంటివి. వ్యాసం కింద ఒక ఆన్‌లైన్ దుకాణం లింకు ఉంటుంది. దాని మీదుగా ఎవరైనా కొంటే నాకు కమీషన్. నెలకు రెండు మూడు అమ్మకాలు జరిగేవి. వేసవికి ముందే కాస్త ఊపు తెద్దామని ఆ మెట్లు ఎక్కాను.

అక్కడ తెర మీద పెద్ద పట్టిక చూపించారు. కీవర్డ్, నెలకు ఎంతమంది వెతుకుతారు, పక్కన ‘పోటీ: తక్కువ’. ‘పోటీ తక్కువ సార్, వారంలో మొదటి పేజీలో ఉంటారు’ అన్నాడు పాఠం చెప్పే అబ్బాయి. నమ్మాను. ఆ పోటీ గడి, ప్రకటనలు వేసేవాళ్ల కోసం గూగుల్ ఇచ్చే కీవర్డ్ ప్లానర్ అనే సాధనంలోనిది. ఆ మాట మీద ప్రకటన వేయడానికి ఎంతమంది ప్రకటనదారులు పోటీ పడుతున్నారో చెబుతుంది, అంతే. మామూలు ఫలితాల్లో మన వ్యాసం పైకి రావడం ఎంత కష్టమో దానికి తెలియదు. పైగా కీవర్డ్ ప్లానర్‌కు పైసా కట్టనక్కరలేదు. గూగుల్ యాడ్స్ ఖాతా తెరిస్తే చాలు, ఖర్చు పెట్టని ఖాతాకు అంకెలు ‘వెయ్యి నుంచి పది వేలు’ అని పొడుగ్గా చూపిస్తుంది. నాలాంటి సైటుకు ఆ మాత్రం సరిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో ప్రకటనలు నడిచాయి. ఖాతా వాళ్లది, నాకు తాళం లేదు. వారానికోసారి వాట్సాప్‌లో ఒక బొమ్మ వచ్చేది: ఇంతమందికి కనిపించింది, ఇంతమంది నొక్కారు. రెండు నెలలకు 3,640 క్లిక్కులు. అంకె చూసి పొంగిపోయాను. జూన్ మొదటి వారంలో కమీషన్ ఖాతా తెరిస్తే 18 అమ్మకాలు, 5,460 రూపాయలు కనిపించాయి. అప్పుడు గుమాస్తా బుద్ధి మేలుకుంది. 5,460ని 3,640తో భాగిస్తే క్లిక్కుకు రూపాయిన్నర. నేను కట్టింది, 18 శాతం జీఎస్టీతో కలిపి, క్లిక్కుకు పదకొండు రూపాయలు. ఒక్కో మనిషి నా గుమ్మం తొక్కినప్పుడల్లా తొమ్మిదిన్నర రూపాయలు ఎదురిచ్చి పంపాను.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి వెళ్లాను. ‘జనం ఏ మాటలు వెతికి నా ప్రకటన నొక్కారో చూపించండి’ అని కూర్చున్నాను. మనం కొన్న కీవర్డ్ వేరు, మనిషి నిజంగా టైపు చేసిన మాట వేరు. ఆ రెండో జాబితాను సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ అంటారు. గూగుల్ అన్ని మాటలూ చూపించదు గానీ, చూపించినంత చాలు. ఆ అబ్బాయి అటూ ఇటూ చూసి, పెద్దవాళ్లు ఎవరూ లేరని తేలాక తెర నా వైపు తిప్పాడు. కూలర్ పంపు మార్చడం ఎలా. కూలర్ గడ్డి ధర. పాత కూలర్ కొంటారా. పెళ్లికి కూలర్లు అద్దెకు. కూలర్ మోటారు వైండింగ్. కూలర్ నీళ్లు వాసన. కొనేవాళ్లు ఒకరైతే, ఇంట్లో ఉన్న కూలర్‌తో అవస్థ పడేవాళ్లు పదిమంది. వాళ్ల తప్పేమీ లేదు పాపం, పంపు పాడైతే ఎవరైనా వెతుకుతారు.

ఎందుకిలా అంటే, ఐదు వందల కీవర్డ్‌లనూ బ్రాడ్ మ్యాచ్‌లో దించేశారు. కీవర్డ్‌కు ఏ గుర్తూ పెట్టకపోతే గూగుల్ దాన్ని బ్రాడ్ మ్యాచ్‌గానే తీసుకుని, సంబంధం ఉందనుకున్న ప్రతి వెతుకులాటకూ ప్రకటన చూపిస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఫ్రేజ్ మ్యాచ్, అంటే ఆ మాట అర్థం కలిసిన వెతుకులాటలకే; చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ మ్యాచ్, అంటే అదే అర్థంతో వెతికినవాళ్లకే. ‘రిపేరు’, ‘అద్దె’, ‘పాత’, ‘పంపు’ అనే నాలుగు మాటలను నెగటివ్ కీవర్డ్‌లుగా, అంటే ఇవి ఉన్న వెతుకులాటకు ప్రకటన చూపించవద్దని, చేర్చి ఉంటే ఈ జనంలో చాలామంది నా ఖర్చులోకి వచ్చేవారు కాదు. రెండు నెలల్లో వాళ్లు చేర్చిన నెగటివ్ కీవర్డ్‌లు ఎన్నో తెలుసా? ఒక్కటీ లేదు. డిస్‌ప్లే నెట్‌వర్క్ టిక్కు కూడా తీయలేదు. అంటే వెతకని వాళ్లకు సైతం, వేరే సైట్ల పక్కన, నా డబ్బుతో కూలర్ బొమ్మలు.

అసలు దెబ్బ ఆ తెర మీదే, ఇంకాస్త కింద ఉంది. నేను లింకు పెట్టిన ఆన్‌లైన్ దుకాణం పేరు, పక్కన ‘కస్టమర్ కేర్ నంబరు’. ఆ దుకాణం పేరునే కీవర్డ్‌గా కొన్నారు! ప్రకటన నొక్కితే నా సైటుకు కూడా రాకుండా తిన్నగా నా అఫిలియేట్ లింకు మీదుగా దుకాణంలోకే వెళ్లేలా పెట్టారు. చాలా అఫిలియేట్ పథకాల్లో ఇది నిషేధం. అమెజాన్ వాళ్ల అఫిలియేట్ పథకం ‘అమెజాన్ అసోసియేట్స్’ నిబంధనలు చదవండి: సెర్చ్ ప్రకటన నుంచి నేరుగా అమెజాన్‌కు పంపకూడదు, అమెజాన్ పేరును గానీ దాని అక్షరదోషాలను గానీ కీవర్డ్‌గా కొనకూడదు. నేను లింకు పెట్టిన దుకాణం నియమాల్లోనూ అదే రాసి ఉంది. పది రోజుల తర్వాత నా అఫిలియేట్ ఖాతా మూసేశామని ఉత్తరం వచ్చింది. 5,460 కూడా ఆగిపోయింది. శిక్షణ సంస్థవాళ్లను అడిగితే ‘ఖాతా మీది కదా సార్, నిబంధనలు మీరే చూసుకోవాలి’ అన్నారు. ప్రకటనల ఖాతా మాత్రం వాళ్లదేనట.

కాబట్టి ఎవరికైనా పని అప్పగించేటట్లయితే గూగుల్ యాడ్స్ ఖాతా మీ ఈమెయిలుతో, మీ కార్డుతో తెరవండి. మీ పది అంకెల ఖాతా సంఖ్య ఇస్తే వాళ్లు తమ మేనేజర్ ఖాతా నుంచి కలుపుకోగలరు. నచ్చకపోతే మీరే తెంచేయవచ్చు. ఎవరు ఏ రోజు ఏం మార్చారో చేంజ్ హిస్టరీలో ఉంటుంది. ‘మా విధానం రహస్యం, ఖాతా చూపించలేం’ అంటే లేచి వచ్చేయండి. మంచినీళ్లు కూడా తాగవద్దు.

తర్వాత నేనే సొంతంగా వెయ్యి రూపాయలు వేసి చూశాను. పన్ను పోను 847 మిగిలింది. ‘ఇన్వర్టర్ మీద నడిచే కూలర్’ లాంటి పదకొండు మాటలు, అన్నీ బ్రాకెట్లలో, ప్రకటన నా వ్యాసానికే, వ్యాసం కింద వేరే దుకాణం లింకు. రెండు అమ్మకాలు జరిగాయి. ఖర్చు వెనక్కి రాలేదు, కమీషన్ అంత తక్కువ. వింత ఏమిటంటే, ప్రకటన లేకుండానే జనం చదువుతున్న వ్యాసం ‘ఉక్కపోతలో కూలర్ పనిచేస్తుందా’. గాలిలో తేమ ఎక్కువైతే కూలర్ చల్లదనం తగ్గుతుంది, కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు ఆ సంగతి ఒంటికి తెలుసు. ఆ ఐదు వందల జాబితాలో ఈ ప్రశ్న లేనే లేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే అక్కడ రుసుము లేదు. ఇది వ్యాపారం కోసం కొన్న సేవ అని వాళ్లు అడ్డం తిరగవచ్చని తెలిసిన వకీలుగారు ముందే హెచ్చరించారు. ఒకే రకంగా నష్టపోయినవాళ్లు చాలామంది ఉంటే కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయవచ్చని కూడా చెప్పారు.

ఇక ఆ గుర్తు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒకాయన కూడా ఇదే సంస్థలో చేరారు. ఆయనది మిక్సీల సైటు, ‘మీ కోసమే తయారుచేశాం’ అని ఆయనకు ఇచ్చిన జాబితాలోనూ కూలర్లే! రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూశాం. రెండింటిలోనూ 217వ వరుసలో డెజర్ట్ కూలర్ అన్నచోట ఇంగ్లిషు ఎస్ అక్షరం ఒకటి ఎక్కువ పడి, ఎడారి కాస్తా భోజనం తర్వాతి మిఠాయి అయింది. మీ దగ్గరున్న జాబితాలోనూ 217వ వరుస అదే అయితే రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరపకుండా ఉంచి నాకు రాయండి. ఇప్పటికి ఇద్దరమే ఉన్నాం.