విండోస్ వదిలి లినక్స్‌లో బ్రెయిల్ కొడుతున్నా: మూడో ఏట నా మాట

2023 సంక్రాంతి సెలవుల్లో మా ఇంటి కంప్యూటర్‌లోంచి విండోస్ 10 తీసేసి ఉబుంటు మాటే అనే లినక్స్ ఎక్కించాను. పేరు నిజంగానే మాటే. చూపు లేని నాకు కంప్యూటర్‌తో పని జరిగేదీ మాటతోనే కాబట్టి శకునం బాగుందనుకున్నా. సరదాకి చేసిన పని కాదు లెండి. మాది పాత ప్రాసెసర్, దాని మీద విండోస్ 11 ఎక్కదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్‌తో ఉచిత అప్‌డేట్లు ఆగిపోతాయని అప్పటికే చెప్పేశారు. కొత్త కంప్యూటర్ కొందామంటే చేతిలో ఉన్నదంతా బ్రెయిల్ కాగితానికే పోతుంది.

నేను బడిలో తెలుగు, సాంఘికం చెప్తాను. సాయంత్రాలు మా బడి పిల్లలకి పాఠాలూ కథలూ బ్రెయిల్‌లో కొట్టిస్తాను. మా ఎంబాసర్, అంటే బ్రెయిల్ ప్రింటర్, స్వీడన్‌లో తయారైన ఇండెక్స్ బేసిక్-డి, మడతల కాగితం లాక్కుని రెండువైపులా చుక్కలు పొడుస్తుంది. అది మొదలెట్టిందంటే ఇంట్లో ఎవరూ టీవీ పెట్టుకోరు, పెట్టినా వినపడదు. విండోస్‌లో ఉన్నన్నాళ్లూ టెక్స్ట్‌ని బ్రెయిల్‌లోకి మార్చడానికి డక్స్‌బరీ అనే ప్రోగ్రామ్ వాడాను. అది విండోస్‌కీ మ్యాక్‌కీ ఉంది, లినక్స్‌కి లేదు. అందుకే మారేముందు రెండు వారాలు నిద్ర సరిగ్గా పట్టలేదు, లక్షలు పోసి కొన్న మెషీన్ మూల కూర్చుంటుందేమోనని ఒకటే టెన్షన్.

తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ గురించి మాత్రం దిగులు పడక్కర్లేదు. అక్కడ ఎన్‌వీడీఏ, ఇక్కడ ఓర్కా. నేను రెండింటిలోనూ ఈస్పీక్ గొంతే పెట్టుకున్నా కాబట్టి ఇల్లు మారినా పక్కింటి మనిషి మారనట్టే ఉంది. షార్ట్‌కట్లు చేతికి అలవాటు కావడానికి ఒక నెల పట్టింది, అంతే.

అసలు సంగతికి వస్తా. ఎంబాసర్‌కి మన కంప్యూటర్‌లో ఏ సిస్టమ్ ఉందో పట్టదు. దానికి కావాల్సింది బీఆర్‌ఎఫ్ ఫైల్, అంటే మామూలు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులతో నిండిన టెక్స్ట్ ఫైల్, అందులో ఒక్కో గుర్తు ఒక్కో సెల్, అంటే ఆరు చుక్కలు పట్టే ఒక గడి. ‘కమల’ అనే మాట అందులో కె, ఎమ్, ఎల్ అని ఉంటుంది, ఎందుకంటే మన దేశ భాషలకి వాడే భారతి బ్రెయిల్‌లో మన క, మ, ల ఇంగ్లిష్ వాళ్ల ఆ మూడక్షరాల చుక్కలే. ‘అమ్మ’ అయితే ఏ, ఎట్, ఎమ్, ఎమ్. ఆ ఎట్ (@) గుర్తు అంటే సెల్‌లో నాలుగో చుక్క, మన పొల్లు. దాన్ని మనం హల్లు కింద పెట్టం, హల్లుకి ముందు పెడతాం. ఓర్కా బీఆర్‌ఎఫ్ ఫైల్ చదువుతుంటే ‘ఏ ఎట్ ఎమ్ ఎమ్’ అన్నప్పుడల్లా ఇప్పుడు నా చెవికి అమ్మ అనే వినిపిస్తుంది.

తెలుగుని ఇలా మార్చే పని నాకు లిబ్‌లూయీ చేసిపెడుతుంది. ఉచితం, ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే తెలుగు పట్టిక అందులోనే ఉంది. ఎన్‌వీడీఏ, ఓర్కా కూడా బ్రెయిల్ చూపించడానికి లోపల వాడేది దీన్నే. ఇంగ్లిష్‌లో అయితే కుదింపుల గొడవ, అంటే కొన్ని అక్షరాల్ని కలిపి తక్కువ సెల్‌లలో రాయడం, పెద్దది, ఎక్కడ కుదించాలి ఎక్కడ కూడదు అని బోలెడు నియమాలు. మన పిల్లల తెలుగు పుస్తకాల్లో కుదింపులు ఉండవు, అక్షరానికి అక్షరం వెళ్లిపోతుంది. కాబట్టి మామూలు తెలుగు పాఠానికి లిబ్‌లూయీ ఇచ్చిందానికీ డక్స్‌బరీ ఇచ్చిందానికీ నా వేళ్లకి తేడా తెలియలేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని మరీ తడిమి చూశాను.

తేడా తెలిసింది కొట్టేటప్పుడు. మొదటిరోజు అతి తెలివికి పోయి, డ్రైవర్ ఎందుకులే అని ఫైల్‌ని నేరుగా యూఎస్‌బీ పోర్టులోకి తోశాను. ఎంబాసర్ టకటకా కొట్టింది. నేను పూర్తిగా తడమకుండానే ఆ ఉత్సాహంలో కాగితం చింపి ఏడో తరగతి పిల్లాడి చేతికిచ్చాను. వాడు రెండు లైన్లు చదివి ఆగిపోయి, “సార్, ఇది మెట్లు దిగుతోంది” అన్నాడు. నిజమే, ఒక లైను ఎక్కడ ఆగిందో దాని కిందినుంచే తర్వాతి లైను మొదలవుతోంది, నాలుగో లైనుకి కాగితం అంచు దాటిపోయింది. కారణం చాలా చిన్నది. విండోస్ లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, ఒకటి మొదటికి వెళ్లమని, ఇంకొకటి కిందికి దిగమని. లినక్స్ రెండోదే పెడుతుంది. నా మెషీన్ సెట్టింగ్‌లో రెండూ కావాలని ఉంది. తప్పు మెషీన్‌ది కాదు, నాదే. యూనిక్స్‌టూడాస్ అనే బుల్లి ప్రోగ్రామ్‌తో ఫైల్‌ని మార్చి పంపితే సరిపోయింది.

తర్వాత బుద్ధి తెచ్చుకుని కప్స్ ద్వారా పెట్టుకున్నా. లినక్స్‌లో ప్రింటర్ల పని చూసేది కప్సే. దాని ఫిల్టర్లలో బ్రెయిల్ ఎంబాసర్ల డ్రైవర్లు కూడా ఉన్నాయని, ఇండెక్స్ మెషీన్లకి విడిగా ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. అందులో పట్టిక ఏదో, లైనుకి ఎన్ని సెల్‌లో, పేజీకి ఎన్ని లైన్లో చెప్పేస్తే మామూలు టెక్స్ట్ ఫైల్‌ని కూడా ప్రింట్ కొట్టినట్టే కొట్టుకోవచ్చు. నేను మాత్రం బీఆర్‌ఎఫ్ చేసుకుని, ఒకసారి చూసుకునే పంపుతా.

పేజీ కొలత దగ్గర జాగ్రత్త. చాలా సాఫ్ట్‌వేర్లు అమెరికా కాగితం లెక్కన 40 సెల్‌లు, 25 లైన్లు అనుకుంటాయి. సెల్‌కి 6 మిల్లీమీటర్లు, లైనుకి 10 మిల్లీమీటర్లు వేసుకుని మీ కాగితాన్ని స్కేలుతో కొలిచి మరీ పెట్టుకోండి. ఫైల్‌లో పేజీకి ఉన్న లైన్లకంటే మెషీన్‌లో ఒక్క లైను తక్కువ పెట్టినా, మిగిలిన ఆ ఒక్క లైను తర్వాతి పేజీలోకి జారుతుంది, వెంటనే పేజీ మార్చమనే గుర్తు వస్తుంది, ఇక ఒక పేజీ నిండుగా, ఒక పేజీ దాదాపు ఖాళీగా. నేను భోజనానికి వెళ్లొచ్చేసరికి 60 పేజీలు అలా అయిపోయాయి. మందపాటి కాగితం, ధర అడక్కండి. వాటి ఖాళీ భాగాల మీద పిల్లలు ఇప్పటికీ పలక, గంటంతో అక్షరాలు దిద్దుతున్నారు.

నా సమయం అన్నిటికంటే ఎక్కువ తినేది ఏ సిస్టమ్‌లో అయినా ఒకటే, తెలుగు టెక్స్ట్‌ని శుభ్రం చెయ్యడం. డీటీపీ వాళ్లు ఇచ్చే ఫైళ్లు ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మారిస్తే క్రారవడి తారుమారై ‘చక్రం’ కాస్తా ‘చర్కం’ అయ్యేది. చూపున్నవాళ్లు సందర్భాన్నిబట్టి సర్దుకుంటారేమో కానీ కొత్తగా అక్షరాలు నేర్చుకునే పిల్లకి అదే మాట అయి కూర్చుంటుంది. వాట్సాప్‌లోంచి తెచ్చిన కథలైతే ఇంకో తమాషా. పట్టికలో లేని గుర్తు ఎదురైతే లిబ్‌లూయీ దాన్ని వదిలెయ్యదు, దాని కోడ్ నంబర్‌ని చుక్కల్లో రాసేస్తుంది. ఎవరో కథ చివర పెట్టిన పువ్వు బొమ్మ మా పిల్లల చేతిలో అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక వింత మాటగా వచ్చింది. అందుకే ఇప్పుడు బొమ్మలు, వంకర కొటేషన్లు, ‘బస్‌స్టాండ్’ లాంటి మాటల మధ్య దాక్కునే కనపడని గుర్తు, అన్నీ ముందే ఏరిపారేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాయించుకున్నా.

ఇక లేనివాటి గురించి. డక్స్‌బరీలో వర్డ్ ఫైల్ తెరిస్తే శీర్షికలు, విషయసూచిక, పేజీ నంబర్లు వాటంతటవే కుదురుకునేవి. ఇక్కడ సగం చేత్తో చెయ్యాలి. లెక్కల పుస్తకం జోలికి నేను లినక్స్‌లో వెళ్లలేదు, రెండుసార్లు కూర్చుని లేచిపోయాను, అంతే నిజం. దానికోసం బావమరిది విండోస్ ల్యాప్‌టాప్ అరువు తెచ్చుకుంటున్నా. బ్రెయిల్‌బ్లాస్టర్ అని అమెరికన్ ప్రింటింగ్ హౌస్ వాళ్లది ఉచితంగా ఉంది, లినక్స్‌లోనూ నడుస్తుంది, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు చేసేవాళ్లు తప్పకుండా చూడండి. నా తెలుగు పనికి అది అవసరం పడలేదు.

నచ్చినది బీఆర్‌ఎల్‌టీటీవై, బ్రెయిల్ డిస్‌ప్లేని లినక్స్‌తో కలిపే ప్రోగ్రామ్. నా దగ్గరున్న ఆర్బిట్ రీడర్ 20, అంటే చుక్కలు వేళ్లకి తగిలేలా పైకి లేచే 20 సెల్‌ల చిన్న డిస్‌ప్లే, తీగ పెట్టగానే పట్టేసింది. ఫైల్‌ని ముందు దానిమీద వేళ్లతో చదివేసి, తప్పులు దిద్ది, ఆ తర్వాతే కాగితం మీదికి. ఆ అలవాటయ్యాక కాగితం వృథా బాగా తగ్గింది.

పోయినేడు సిస్టమ్‌ని ఉబుంటు మాటే 24.04 వెర్షన్‌కి మార్చుతూ మొత్తం కొత్తగా ఎక్కించినప్పుడు మళ్లీ ఒకరోజు పోయింది. కప్స్ పెట్టుకోకముందే ఫైల్‌ని నేరుగా పోర్టులోకి పంపి చూస్తే ఎంబాసర్ ఉలుకూ లేదు పలుకూ లేదు. కేబుల్ మార్చాను, కాగితం తీసి పెట్టాను, ఎక్కడో రాసిపెట్టుకున్న బ్రెయిల్ కాగితం వెతికి చూస్తే కదా తెలిసింది, ప్రింటర్ పోర్టులోకి నేరుగా రాసే అనుమతి ఉన్న ఎల్‌పీ గుంపులో నా యూజర్‌ని చేర్చడం మర్చిపోయానని. ఆ కాగితం ఇప్పుడు ఎంబాసర్ మూతకే అతికించి ఉంది.

తెలుగు కథలు, పాఠాలు మాత్రమే కొట్టేవాళ్లయితే మారండి, డబ్బు మిగులుతుంది. లెక్కలు, పట్టికలు రోజూ ఉంటే మాత్రం పక్కన ఒక విండోస్ కంప్యూటర్ ఉండనివ్వండి. ఇది రాస్తుంటే అవతలి గదిలో ఆరో తరగతి సాంఘికం రెండో సంపుటి నడుస్తోంది, చప్పుడు ఆగినట్టుంది, కాగితం అయిపోయిందేమో చూసొస్తా.