మెదడు గాయం కేసుల్లో ఏది మేలు: లోక్ అదాలత్ రాజీయా, ట్రిబ్యునల్ తీర్పా?

రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, ఆపరేషన్ జరిగి, మనిషి ప్రాణాలతో ఇంటికి చేరిన మూడు నాలుగు నెలలకు ఆ కుటుంబాలు మా ఆఫీసుకు తెచ్చే ప్రశ్న ఇంచుమించు ఒకటే. ఎదుటి వాహనం తాలూకు బీమా కంపెనీ వారు వచ్చే లోక్ అదాలత్‌లో ఇంత ఇస్తాం, కేసు ముగించుకుందాం అంటున్నారు. ఒప్పుకోవడం మేలా, మోటారు ప్రమాదాల పరిహారాన్ని తేల్చే ట్రిబ్యునల్‌లో సాక్ష్యం నడిపి తీర్పు తెచ్చుకోవడం మేలా అని అడుగుతారు. కాలు విరిగిన కేసులో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. ఎముక అతికిందో లేదో ఎక్స్‌రే చూపిస్తుంది కాబట్టి, నష్టం ఎంతో ఇరుపక్షాలకూ తెలిసిన మీదటే బేరం జరుగుతుంది. మెదడు గాయంలో ఆ వీలు లేదు. అందుకే ఈ రెండు దారులనూ ఆ ఒక్క గాయాన్ని దృష్టిలో ఉంచుకునే తూచి చూస్తున్నాను.

ముందుగా లోక్ అదాలత్‌కు దక్కవలసిన మంచి మాట దక్కాలి. ఎదుటి డ్రైవరు నిర్లక్ష్యాన్ని సాక్షులతో రుజువు చేసే భారం ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, బీమా కంపెనీ హైకోర్టుకు అప్పీలు వెళ్తుందన్న భయం ఉండదు, డబ్బు త్వరగా చేతికి అందుతుంది. సంపాదించే మనిషే మంచాన పడి, ఆసుపత్రి ఖర్చులకు బంగారం తాకట్టుపెట్టి, అది చాలక వడ్డీకి అప్పు తెచ్చిన ఇంటికి ఈ త్వరగా అన్న మాట ఎంత బరువైనదో నాకు తెలుసు. చార్జిషీటు మన మనిషి తప్పు కూడా ఉందని చెబుతున్నప్పుడు గాని, ప్రమాదాన్ని చూసిన సాక్షి ఒక్కరూ దొరకనప్పుడు గాని రాజీయే వివేకమైన దారి కావచ్చు. తలకు తగిలింది స్వల్పమైన దెబ్బే అయి, కొన్ని వారాల్లో మనిషి తన పనిలోకి తాను వెళ్లి, ఆ పనిని మునుపటిలాగే చేస్తుంటే రాజీకి వెనుకాడవలసిన కారణం నాకు కనిపించదు.

నా దృష్టిలో మిగిలిన లాభనష్టాలన్నిటినీ దాటి నిలిచే అంశం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం కింద పరిహారం ఒక్కసారే ఇస్తారు. లోక్ అదాలత్ అవార్డు 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ట్రిబ్యునల్ తీర్పుపై అప్పీలుంటుంది గాని, తుది తీర్పు వచ్చిన తరువాత కొత్త ఖర్చులు పుట్టుకొచ్చాయంటూ అదే ట్రిబ్యునల్‌ను మళ్లీ అడగడానికి మోటారు వాహనాల చట్టంలో వీలు లేదని, అందువల్ల భవిష్యత్తు వైద్య ఖర్చులను తీర్పులోనే లెక్కగట్టాలని నాగప్ప కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చట్టం ఒక్కసారే తలుపు తీస్తుంటే, మెదడు గాయం మాత్రం తన నష్టాన్ని విడతలు విడతలుగా బయటపెడుతుంది.

డిశ్చార్జి అయ్యేనాటికి ఇంటివారికి కనిపించేది నడక, మాట, తిండి. ఆ మూడూ వస్తే బాగైనట్టే అనుకుంటారు. ముందరి భాగంలో దెబ్బతిన్న మెదడు ఏం చేస్తుందో మనిషి తిరిగి పనిలోకి వెళ్లినప్పుడు గాని తెలియదు. మేస్త్రీ చెప్పిన నాలుగు పనుల్లో రెండు గుర్తుండవు, చిన్న మాటకే పట్టరాని కోపం వస్తుంది, లెక్క తప్పుతుంది, చెబితే తప్ప స్నానానికి కూడా లేవడు. పైగా చాలామందికి తమలో ఈ లోపాలున్న సంగతి తమకే తెలియదు. డాక్టరు అడిగితే నాకేం లేదు, బాగానే ఉన్నానంటారు. మెదడులోని సన్నని నరాల పోగులు సాగి తెగిన గాయం సీటీ స్కాన్‌లో కనిపించకుండా ఉండిపోవచ్చు. మూర్ఛ (ఫిట్స్) కొందరికి నెలల తరువాత, ఇంకొందరికి ఏళ్ల తరువాత మొదలవుతుంది. మరోవైపు, కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా సాగినా ఆ తరువాత ఆగిపోదు, ఏడాది, రెండేళ్ల దాకా నెమ్మదిగా కొనసాగుతుంది. అంటే నాలుగో నెలలో కుదుర్చుకున్న అంకె ఎక్కువో తక్కువో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. ఆ తెలియనితనం వల్ల కలిగే నష్టాన్ని జీవితాంతం మోసేది మాత్రం ఇంటివారే.

ఆ నష్టం ఎంత ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ముప్పై ఏళ్ల లారీ డ్రైవరు నెలకు 20,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకోండి. సొంత పనిమీదో నిర్ణీత జీతం మీదో బతికే నలభై ఏళ్ల లోపువారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేథీ తీర్పు చెప్పింది. అది శాశ్వత వైకల్యం కేసులకూ వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నెలకు 28,000 చొప్పున ఏడాదికి 3,36,000. సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 17. మొత్తం 57,12,000 రూపాయలు. గాయపడిన మనిషి బతికే ఉన్నాడు కాబట్టి ఇందులోంచి సొంత ఖర్చుల కింద కోత ఉండదు. ఇప్పుడు మెడికల్ బోర్డు అతనికి 30 శాతం వైకల్యమని రాసిందనుకుందాం. రాజీ బల్ల దగ్గర లెక్క ఆ 30 దగ్గరే మొదలవుతుంది, అంటే 17,13,600. కాని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. శరీరానికి కలిగిన వైకల్యపు శాతమూ సంపాదన శక్తికి కలిగిన నష్టపు శాతమూ ఒకటి కావు, ఆ మనిషి ఏ పని చేసేవాడు, ఇప్పుడు దాన్ని చేయగలడా, మరేదైనా పని చేసి బతకగలడా అని ట్రిబ్యునల్ విచారించి తేల్చాలి. ఫిట్స్ వచ్చే మనిషి చేతికి ఏ యజమానీ లారీ ఇవ్వడు. జ్ఞాపకశక్తీ నిలకడా పోయి మరే పనికీ నిలవలేని స్థితి రుజువైతే అతని నష్టం నూటికి నూరు. రెండు లెక్కల మధ్య తేడా దాదాపు 40 లక్షలు. సహాయకుని ఖర్చు, మందులు, ఫిజియోథెరపీ ఇంకా ఇందులో కలపనే లేదు.

అయితే ఈ తేడా ఊరికే చేతికి రాదు, రుజువు చేయాలి. డిశ్చార్జి సమ్మరీనో సదరం సర్టిఫికెట్‌నో దాఖలు చేసినంత మాత్రాన సరిపోదు. చికిత్స చేసిన లేదా పరీక్షించి వైకల్యాన్ని అంచనా వేసిన డాక్టరు బోనెక్కి ఎదుటిపక్షం క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలని అదే రాజ్‌కుమార్ తీర్పు చెబుతోంది. అన్నిటికన్నా ముఖ్యం న్యూరోసైకాలజీ పరీక్ష. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనా వేగం, ప్రణాళికా శక్తి ఎంతెంత తగ్గాయో క్లినికల్ సైకాలజిస్టు గంటల తరబడి కూర్చోబెట్టి కొలిచి అంకెల్లో రాసే నివేదిక అది. మన దేశపు రోగుల కోసం బెంగళూరు నిమ్‌హాన్స్ ప్రత్యేకంగా ఇలాంటి పరీక్షల సముదాయాన్ని రూపొందించింది. స్కాన్ చూపించలేని నష్టాన్ని జడ్జిగారి ముందు పెట్టగలిగే కాగితం ఇదే. ఈ పరీక్ష జరగని ఏ మెదడు గాయం కేసులోనూ రాజీ పత్రం మీద సంతకం పెట్టవద్దని నేను గట్టిగా చెబుతాను.

ట్రిబ్యునల్ దారికి ఉన్న కష్టాన్ని దాచను. 2007లో ట్రాక్టరు మీద వెళ్తూ లారీ ఢీకొని మెదడు దెబ్బతిన్న పన్నెండేళ్ల బాలికకు ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇచ్చింది, హైకోర్టు దాన్ని 25.78 లక్షలకు పెంచింది, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62.27 లక్షలు చేసింది. ఇద్దరు సహాయకులకూ కలిపి నెలకు పదివేల చొప్పున పద్దెనిమిది గుణకంతో 21.60 లక్షలు లెక్కగట్టిన ఆ తీర్పు మన కేసులన్నిటికీ ఆధారం. కాని ఆ న్యాయం పూర్తిగా చేతికి రావడానికి పన్నెండేళ్లు దాటింది. మన జిల్లా కోర్టుల్లో అన్ని కేసులూ అంతకాలం పట్టకపోయినా, వాయిదాలు, డాక్టరు సాక్ష్యం కోసం ఎదురుచూపు, అప్పీలు తప్పవన్న సిద్ధపాటుతోనే దిగాలి. పిటిషను తేదీ నుంచి వడ్డీ వస్తుందన్నది కొంత ఊరట, అంతే.

కాబట్టి నేను మొగ్గేది ఈ రెంటినీ కలిపిన వరుసకు: పిటిషను తొందరగా వేయాలి, రాజీ మాట ఆలస్యంగా ఎత్తాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు వాహనాల చట్టం 166(3) సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో పిటిషను వేయాలి; ఆ గడువు చెల్లుబాటుపై సుప్రీంకోర్టులో వివాదం ఉన్నా దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ప్రమాద స్థలంలోనే కాదు, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో కూడా వేయవచ్చు. ఆ తరువాత కనీసం ఏడాది చికిత్సను, మార్పులను కాగితం మీద పెడుతూ పోవాలి. ఇంట్లో ఒకరు రోజూ నాలుగు వాక్యాలు రాసినా, పని నుంచి తీసేసిన యజమాని ఒక ఉత్తరం ఇచ్చినా అది సాక్ష్యమే. డాక్టరు సాక్ష్యం రికార్డయిన తరువాత వచ్చే లోక్ అదాలత్‌కు వెళ్లండి. అప్పటికి బేరం నెలల నాటి డిశ్చార్జి సమ్మరీ మీద కాకుండా రుజువైన నష్టం మీద జరుగుతుంది. లోక్ అదాలత్ చేయగల మేలు చాలావరకు ఆ దశలోనే దక్కుతుంది.

మిగిలిన దారుల గురించి రెండు మాటలు చాలు. 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో రుజువు చేయనక్కరలేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. ఆ డబ్బు బీమా కంపెనీ నుంచి 149వ సెక్షన్‌లోని రాజీ పద్ధతిలో పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లోని పిటిషను రద్దవుతుంది కాబట్టి, తీవ్రమైన మెదడు గాయంలో అటు చూడకండి. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే వచ్చేది 50,000. తన బండి మీంచి తానే పడిపోయిన యజమానికి పాలసీలోని 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కటే ఆధారం. దాని షరతులు చదువుకోవాలి.

సంతకం ఎవరు పెడుతున్నారన్నది కూడా చూసుకోవాలి. తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోలేని స్థితిలో ఉన్న మనిషి చేత రాజీ పత్రం మీద వేలిముద్ర వేయించడం అన్యాయం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు ప్రకారం అలాంటి వారి తరఫున భార్యో తండ్రో నెక్స్ట్ ఫ్రెండ్‌గా నిలవాలి, రాజీకి కోర్టు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి అడిగేటప్పుడే పరిహారంలో పెద్ద భాగం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉండి, నెలనెలా వడ్డీ సంరక్షకుని ఖాతాలో పడేలా, చికిత్స అవసరమైతే అసలులోంచి కొంత తీసుకోవడానికి దరఖాస్తు చేసుకునేలా ఉత్తర్వులో రాయించుకోండి.