ఆల్ప్స్‌లో ఎటు వెళ్దాం: స్విస్ నేషనల్ పార్కా, గ్రాన్ పారడీసోనా?

రెండింటికీ ప్రవేశ రుసుం లేదు. తేడా అంతా కట్టుబాట్లలోనే.

1914లో మొదలైన స్విస్ నేషనల్ పార్కులో గుర్తులు వేసిన బాట దిగకూడదు, పువ్వు కోయకూడదు, కుక్కను తాడు కట్టి కూడా తేకూడదు. చలికాలం మూసేస్తారు. చిన్నపిల్లలతో వెళ్తే వాళ్లను అదిలించడానికే రోజు సరిపోతుంది! అయితే సెప్టెంబరు చివర్లో వాల్ త్రుప్‌చున్‌లో జోడు కోసం మగ ఎర్రదుప్పులు పెట్టే రంకెలకు లోయంతా మారుమోగుతుంది. అందుకోసం ఎన్ని ఆంక్షలైనా భరించవచ్చు.

1922లో నేషనల్ పార్కుగా మారిన ఇటలీలోని గ్రాన్ పారడీసో ఒకప్పటి రాజుల వేట అడవి. తమ వేట కోసం కాపలా పెట్టబట్టే ఐబెక్స్ అనే కొండమేకలు బతికి బట్టకట్టాయి. ఈరోజు స్విట్జర్లాండ్‌లో తిరిగేవీ వీటి సంతతే. వల్నోంతె ఊరి నుంచి విత్తోరియో సెల్లా బస (2,588 మీటర్లు) దాకా 900 మీటర్లకు పైగా ఎక్కాలి, మోకాళ్లు పట్టేస్తాయి. కానీ సాయంత్రం అక్కడే ఆగితే, వంకర కొమ్ముల ఐబెక్స్ పోతులు మనుషుల్ని లెక్కచేయకుండా దగ్గర్లోనే మేస్తుంటాయి. తినడానికి పోలెంటా దొరుకుతుంది, మన మొక్కజొన్న సంకటి లాంటిదే.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే ఇటలీ వైపే చెబుతాను. స్విస్ వైపు గది అద్దెలకే జేబు ఖాళీ అవుతుంది.