బ్లాకులు కరిగిస్తామంటున్న యాంటీఆక్సిడెంట్ మాత్రలతో జాగ్రత్త

గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంట్ (చిన్న గొట్టం) వేయించుకున్నవాళ్ళు, కొలెస్ట్రాల్ మాత్ర వాడేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ఇది చదవండి. ద్రాక్ష గింజలు, గ్రీన్ టీ, పసుపు సారాలతో చేసిన క్యాప్సూల్స్ అంటూ ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది. మూడు నెలల్లో రక్తనాళాలు శుభ్రమైపోతాయట, ఆపరేషనే అక్కర్లేదట. మా నాన్న అందులో నంబరు నొక్కారు, అంతే. కాసేపటికే డాక్టర్నంటూ ఒకావిడ ఫోన్. కోర్సు 5,400 రూపాయలు, పార్సిల్ చేతికొచ్చాక కడితే చాలన్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు టెన్షన్ పెట్టింది ఆ తర్వాత వచ్చిన ఫోన్. "బాబాయ్ గారూ, ఇంక ఆ ఇంగ్లీషు మందులు ఆపేయండి, రెండూ కలిస్తే మాది పనిచేయదు" అన్నారట. నాన్న వాడేవి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్. స్టెంట్ ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా క్లోపిడోగ్రెల్ మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మాత్రల షీట్లు తరగడం లేదేమిటని అమ్మకు అనుమానం వచ్చింది కాబట్టి సరిపోయింది.

వాళ్ళు చెప్పే సైన్సు సగం నిజమే. చదువుకున్నవాళ్ళు కూడా పడిపోయేది అక్కడే. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, రక్తనాళం గోడలోకి చేరి ఆక్సీకరణ చెందుతుంది. దాన్ని మింగిన రక్షణ కణాలు కొవ్వుతో ఉబ్బిపోయి పేరుకుంటాయి, పూడిక అలా మొదలవుతుంది. ద్రాక్ష, టీ ఆకుల్లోని పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు ఈ ఆక్సీకరణను ప్రయోగశాల గాజు గొట్టంలో బాగానే అడ్డుకుంటాయి. మనుషుల్లో లెక్క వేరు. 2002లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 20,536 మందిని తీసుకుని, సగం మందికి యాంటీఆక్సిడెంట్లే అయిన విటమిన్ ఇ, విటమిన్ సి, బీటా కెరోటిన్ మాత్రలు సుమారు ఐదేళ్ళు ఇచ్చారు. గుండెపోట్లు తగ్గలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకు బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్లు పెరిగాయని 1994లోనే తేలింది. కోకో సారం మీద 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలో కాస్త ఆశ కనిపించింది గానీ, అక్కడా ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. ఉన్న బ్లాకు కరిగిందని వీటిలో ఏదీ చెప్పలేదు. ఉసిరికాయ, తోటకూర, నేరేడు పళ్ళు హాయిగా తినండి, వాటితో ఎవరికీ పేచీ లేదు.

డబ్బా మీది సన్నటి అక్షరాలు భూతద్దం పెట్టి చదివితే, ఇంగ్లీషులో "వైద్య అవసరాలకు కాదు" అని ఉంది! హెల్త్ సప్లిమెంట్ల మీద ఆ మాట వేయాల్సిందేనని నిబంధన. అంటే ప్రకటనలో మందు, డబ్బా మీద తిండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంది కదా అని దబాయిస్తారు. ఆ 14 అంకెలు ఆహార వ్యాపారానికిచ్చిన లైసెన్సు నంబరు మాత్రమే, బ్లాకులు కరుగుతాయన్న హామీ కాదు. ఇంకో సంగతి: పసుపు సారం లాంటివి పెద్ద మోతాదులో రక్తం పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. కూరలో వేసే చిటికెడు పసుపు గురించి కాదు నేను చెప్పేది.

సీలు తీశాక వాపసు లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. మీకూ ఇలాంటి పార్సిల్ వస్తే డబ్బు కట్టకుండా వెనక్కి పంపేయండి. ప్రకటన స్క్రీన్‌షాట్, వాళ్ళు ఫోన్ చేసిన నంబర్లు మాత్రం దాచుకోండి, ఫిర్యాదుకు అవే కావాలి.